మా వదిన వంద ఉత్తరాలు

మా వదిన ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే మా ఇంట్లో ఎవరి జవాబు వాళ్లది. మా అన్నయ్య "ఆసుపత్రిలో మందుల కౌంటర్ చూస్తుంది" అని ఊరుకుంటాడు. మా అమ్మ "పొద్దున్నే లేచి కంప్యూటర్ ముందు తపస్సు చేస్తుంది" అంటుంది. నేను మాత్రం "పొట్లాలు కడుతుంది" అంటాను. నిజానికి నా జవాబే దగ్గర. పగలంతా మాత్రలు లెక్కపెట్టి పొట్లాలు కడుతుంది, పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకా ఇంట్లో కూర్చుని సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు కడుతుంది. అందుకే ఆవిడ ఇంట్లో అందరికీ పొట్లాల వదిన అయి కూర్చుంది. ఆ పేరు పెట్టింది ఆవిడ ఆడపడుచునైన నేనే. అందుకు సిగ్గేమీ పడను.

ఆ రెండో పని ఏమిటో చెప్పాలి. కంప్యూటర్లను నడిపించే, యూనిక్స్ కుటుంబానికి చెందిన ఒక ఆపరేటింగ్ సిస్టమ్ ఉంది. దాన్ని ఏ కంపెనీ అమ్మదు. ఎక్కడెక్కడివాళ్లో తీరిక వేళల్లో కలిసి తయారుచేసి, ఊరికే పంచిపెడతారు. బడులు, ఆసుపత్రులు, చిన్నచిన్న ఆఫీసులు దాన్ని పెట్టుకుంటాయి. అందులో ఈమెయిల్ ఉత్తరాల సంగతి చూసే మెయిల్ సర్వర్ మా వదిన చేతిలో ఉంది. మన ఉత్తరాన్ని తీసుకుని, దారి దొరికేదాకా వరసలో నిలబెట్టి, చేరాల్సిన చోట చేర్చడం ఆ సర్వర్ పని. దాన్ని రాసినాయన వేరే. ఆయన్ని మేం పెద్దాయన అంటాం. ఆయన రాసిందాన్ని ఈ సిస్టమ్ పద్ధతికి తగ్గట్టు సర్ది, ఏ ఫైలు ఏ చోట ఉండాలో చూసి, కొత్త వెర్షన్ వచ్చినప్పుడు ఎవరి అమరికలూ చెదరకుండా ఎక్కేలా ప్యాకేజీ కట్టడం మా వదిన వంతు.

"కొత్త కోడలు వస్తూనే వంటింట్లో డబ్బాలన్నీ మార్చేస్తే ఎలా ఉంటుంది? ప్యాకేజీ అలా చెయ్యకూడదు" అని నాకొకసారి వివరించింది. మా ఇంటికొచ్చిన మూడో రోజే పప్పుల డబ్బాలన్నీ మార్చేసిన మనిషి అంటున్న మాట ఇది.

ఈ పని ఆవిడకు ఎవరూ పిలిచి పీట వేసి ఇవ్వలేదు. పద్నాలుగేళ్ల కిందట ఆసుపత్రిలో రోగులకు "మీ మందులు అయిపోవచ్చాయి" అని ఉత్తరాలు పంపే, ఈ సిస్టమ్‌తోనే నడిచే మిషన్ ఒకటి మొరాయించింది. బాగుచేసేవాడు దొరకలేదు. వదిన దానితో వచ్చిన వివరణ మొత్తం కూర్చుని చదివింది. అందులో రెండు తప్పులు దొరికితే, దిద్ది ఆ సిస్టమ్ వాళ్లకు పంపింది. ఈ ప్యాకేజీ చూసేవాళ్లు ఏడాదిగా ఎవరూ లేరనీ, ఇంత శ్రద్ధగా చదివిన మనిషి మీరొక్కరేననీ, మీరే చూసుకుంటారా అనీ వాళ్లు రాశారు. సరేనంది. అంతే, జీతం బత్తెం లేని కొలువు మొదలైంది. మా అన్నయ్య నెల్లాళ్లు గొణిగి, తర్వాత ఆరింటికి టీ పెట్టి ఇవ్వడం అలవాటు చేసుకున్నాడు.

ఇక అసలు విషయం. ఇది చెబితే వదిన నొచ్చుకుంటుంది, అయినా చెబుతాను. తొమ్మిదేళ్ల కిందట ఆవిడ ఒక తప్పు చేసింది. ప్యాకేజీని తీసేసేటప్పుడు నడిచే స్క్రిప్టులో, అంటే మిషన్‌కిచ్చే ఆదేశాల చీటీలో, ఒక లైను చేర్చింది: పోతూ పోతూ, వరసలో ఉత్తరాలు ఉండే ఫోల్డర్ కూడా శుభ్రం చేసి పో అని. ప్యాకేజీ వద్దే వద్దనుకుని తీసేసేవాళ్లకు అది న్యాయమే. కానీ కొత్త వెర్షన్ పెట్టుకునేటప్పుడు కూడా, దానితో వచ్చిన ఇదే స్క్రిప్టు ముందు నడిచి పాతదాన్ని తీస్తుంది. ఇల్లు ఖాళీ చేసి పోయేవాడికీ, ఉన్న ఇంటికే రంగులు వేయించుకునేవాడికీ తేడా చూడలేదన్నమాట. ఈ రకం తప్పు మామూలు మనుషులకు చేతకాదు. ప్యాకేజీలు కట్టేవాళ్లే చెయ్యగలరు.

కొత్త వెర్షన్ ఏదైనా ముందు మా ఇంట్లో, ఇస్త్రీ బల్ల పక్కనున్న పాత మిషన్ మీద పెట్టి చూస్తుంది. మా ఇంటి ఉత్తరాలన్నీ అప్పట్లో దానిమీదుగానే పోయేవి. ఆ శనివారం పొద్దున్నుంచి నెట్ లేదు. ఏడు ఉత్తరాలు వరసలో ఆగి ఉన్నాయి. వదిన కొత్త వెర్షన్ ఎక్కించింది. సాయంత్రం నెట్ వచ్చాక చూస్తే వరస ఖాళీగా ఉంది. అన్నీ వెళ్లిపోయాయనుకుని ప్యాకేజీని లోకం మీదికి వదిలేసింది.

ఆ ఏడింటిలో ఒకటి నాది. ఊళ్ల పటాలు, అంటే మ్యాపులు, గీసే ఆఫీసులో నాకు ఉద్యోగం వచ్చింది. సోమవారం లోపు ఒప్పుకుంటున్నట్టు రాయమన్నారు. చిన్నప్పటి నుంచి నాకు పటాలంటే పిచ్చి. ఒప్పుకుంటున్నానని రాసి, వెళ్లిపోయిందనుకుని నిశ్చింతగా కూర్చున్నాను. మంగళవారం పొద్దున ఎక్కడో ఒక బడి నుంచి తమ ఉత్తరాలు మాయమయ్యాయని ఫిర్యాదు వస్తేగానీ వదినకు సంగతి తెలియలేదు. గంటలో ప్యాకేజీని వెనక్కి తీసుకుంది. అప్పటికే ముప్పై చిల్లర చోట్ల ఎక్కింది. ఒక్కొక్కరికీ విడివిడిగా క్షమాపణ రాసింది. తర్వాత నా దగ్గరికొచ్చి, దాచకుండా, "నీ ఉత్తరం నేనే పోగొట్టాను" అని చెప్పింది. నేను ఫోన్ చేసేసరికి ఆ ఉద్యోగం నా తర్వాతి మనిషికి ఇచ్చేశారు.

పదకొండు రోజులు నేను వదినతో మాట్లాడలేదు. ఒకే ఇంట్లో, ఒకే వంటింట్లో, పదకొండు రోజులు. నా ఉడుకుమోత్తనం గురించి మా ఇంట్లో అందరికీ తెలుసు.

ఆ రోజుల్లోనే ఆవిడ వంద ఉత్తరాల పద్ధతి పెట్టుకుంది. ఇకమీదట ఏ వెర్షన్ వచ్చినా, నెట్ తీసేసి, వంద ఉత్తరాలు వరసలో నిలబెట్టి, కొత్తది ఎక్కించి, నెట్ కలిపి, అవతల వంద చేరాయో లేదో లెక్కపెట్టాలి. ఆ వందా తాను రాయనంది. "నేను రాస్తే అన్నీ నాలాగే ఉంటాయి. రకరకాల మనుషులు రాయాలి." ఆసుపత్రిలో నర్సులను అడిగింది. అన్నయ్య తన మోకాలినొప్పి గురించి పన్నెండు రాశాడు. అమ్మ ఎనిమిది చెప్పి రాయించి, "చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకపోతే ఏంటమ్మా ఇది" అంది. "ఇంకోసారి కాలకుండా అత్తయ్యా" అని వదిన రాసుకుంటూనే జవాబిచ్చింది.

తొంభై తొమ్మిది అయ్యాయి. పన్నెండో రోజు నా గుమ్మం దగ్గర నిలబడి, "వందోది నువ్వు రాస్తావా?" అని అడిగింది. రాశాను. సబ్జెక్టు లైనులో "నీకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు" అని రాసి పంపేశాను. వదిన దానికి వందో నంబరు వేసి దాచుకుంది.

తర్వాత మాటలు కలిశాయి. నేను బస్సు డిపోలో టైమ్‌కీపర్‌నయ్యాను. బస్సులు ఎక్కడికి పోతాయో రాస్తాను గానీ పటాలు గీయను. ఆ మాట కుదిరినప్పుడల్లా వదినకు వినిపించేదాన్ని. "నా ఉత్తరం చేరుంటేనా" అని మొదలుపెట్టేదాన్ని. పుండు మీద కారం చల్లడంలో నాకు మంచి పేరే ఉంది. అయినా లెక్క చూడడానికి మాత్రం నేనే వెళ్లేదాన్ని. మందుల కౌంటర్‌లో ఒకరు లెక్కపెడితే ఇంకొకరు సరిచూడాలట. ఇంట్లో ఆ రెండో మనిషిని నేను.

ఇప్పుడు ఈ ఏటి సంగతి. రెండేళ్లకోసారి ఆ సిస్టమ్ కొత్త విడుదల వస్తుంది. విడుదలంతా నడిపించే ఆయన్ని వదిన గడియారం అంటుంది. గడువు గుర్తుచెయ్యడం తప్ప ఆయన ఇంకో మాట రాసి ఎరుగడు. శనివారం సాయంత్రం ఆరింటికి తలుపులు మూస్తామన్నాడు, అంటే ఆ తర్వాత ఏ మార్పూ తీసుకోరు. ఆలోపు మెయిల్ సర్వర్ కొత్త వెర్షన్ సరిగ్గా ఉందని వదిన సంతకం పెట్టాలి. ఈసారి పెద్దాయన ఉత్తరాలు దాచే పద్ధతే మార్చేశాడు. ఇన్నాళ్లూ ఒక్కో ఉత్తరానికి రెండు ఫైళ్లు ఉండేవి: ఎవరికి, ఎవరి నుంచి, సబ్జెక్టు ఏమిటి అనే పై చీటీ ఒకటి, లోపలి రాత ఒకటి. ఇప్పుడు అన్నిటినీ ఒకే చోటికి మార్చే కొత్త ప్రోగ్రాం పెట్టాడు. ఎక్కించగానే వరసలో ఉన్న పాత ఉత్తరాలను అదే మారుస్తుంది.

"మీ వల్ల కాకపోతే చెప్పండి, మరొకాయన సిద్ధంగా ఉన్నారు, ప్యాకేజీ ఆయన పేరుకి మారుస్తాం" అని గడియారం వారం ముందే చెప్పేశాడు. మర్యాదగానే చెప్పాడనుకోండి. పద్నాలుగేళ్ల పొద్దులన్నీ శనివారం ఆరింటికి వేరే పేరు కిందికి పోతాయన్నమాట. వదిన ఆ వారం రెండుసార్లు టీ చల్లారబెట్టింది. అలా ఎప్పుడూ చెయ్యదు.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు నేను డిపో నుంచి నేరుగా ఇంటికి వచ్చేసరికి మొదటి లెక్క అయిపోయింది. తెర మీద వరసలను పెన్ను వెనకభాగంతో ఐదేసి పక్కకు జరుపుతున్నట్టు లెక్కపెడుతుంది ఆవిడ, పళ్లెంలో మాత్రలు జరిపినట్టు.

"ఎంతొచ్చింది?" అన్నాను.

"నువ్వు చూడు."

చూశాను. తొంభై తొమ్మిది. మళ్లీ చూశాను. తొంభై తొమ్మిదే.

పాత మిషన్‌ను మొదటి నుంచి సిద్ధం చేసి మళ్లీ ఎక్కించింది. మళ్లీ తొంభై తొమ్మిది. ఇంతలో గడియారం ఫోన్. వదిన స్పీకర్ పెట్టింది.

"యంత్రం చేసే పరీక్షలు మూడువందల నలభై ఉన్నాయి, అన్నీ పాసయ్యాయి కదండీ. మీరింకా దేనికి ఆగారు?"

"ఒక ఉత్తరం తగ్గిందండీ."

"ఎన్నింటిలో?"

"వందలో."

"వందకి తొంభై తొమ్మిదంటే ఫస్ట్ క్లాసే కదా."

"మందుల కౌంటర్లో కాదండీ."

ఆయన నిట్టూర్చాడు. ఆ మిషన్ పాతది, దాని డిస్కు పోయి ఉంటుందన్నాడు. ఆలస్యం అమృతం విషం అన్నాడు. నిదానమే ప్రధానం అని వదిన అనలేదు, ఆవిడ సామెతల మనిషి కాదు. నేనే అన్నాను. ఆ గొంతు ఎవరిదని అడిగాడు. "లెక్క సరిచూసే మనిషి" అంది వదిన. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషితో ఆయన మాత్రం ఎంతసేపని వాదిస్తాడు? కారణం చూపించకపోతే ఆరింటికి పేరు మార్చక తప్పదని చెప్పి పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. "ఏ ఉత్తరం పోయిందో చూశావా?" అన్నాను.

వదిన పెన్ను కిందపెట్టి, మళ్లీ తీసింది.

"ప్రతిదానికీ నంబరు వేశావుగా. ఏది పోయింది?"

"నీదే" అంది. "వందోది."

నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే కోపమూ వచ్చింది. ప్రపంచంలో ఎవరి ఉత్తరాలైనా చేరతాయి, ఈ మిషన్ నోట్లో పడేది మాత్రం నా ఉత్తరమే. అదే అన్నాను కూడా. వదిన మొహం తిప్పుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు కనిపించాయి. ఏదో ఒకటి అని తేలిక చెయ్యాలని, "పోతే పోయింది లే వదినా. అందులో పోవడానికి మాత్రం ఏముంది, లోపల నేనేమీ రాయలేదే" అన్నాను.

వదిన నా వైపు తిరిగింది. "ఏమన్నావ్?"

"లోపల ఏం రాయలేదన్నాను. పైనే చెప్పాగా, ఏమీ లేదని."

"లోపల తిట్టావనుకున్నాను" అంది వదిన. "తొమ్మిదేళ్లుగా అది తెరవలేదు. పై లైనే చాలనిపించింది."

తొమ్మిదేళ్లు. ప్రతి వెర్షన్‌కూ ఆ ఉత్తరాన్ని వరసలో నిలబెట్టి, దాటించి, లెక్కపెట్టి, తెరవకుండా మళ్లీ దాచింది. నేను రాయని తిట్లన్నీ మనసులో మోస్తూనే ఉంది. అది విని నాకు కలిగినంత సిగ్గు ఇంకెప్పుడూ కలగలేదు.

కానీ ఆవిడ అప్పటికే నన్ను వదిలేసి మిషన్ మీద పడింది. ఉత్తరాలను మార్చే ఆ కొత్త ప్రోగ్రాం తెరిచి, లైను వెంబడి లైను వేలు పెట్టి చదివింది. ఇరవై నిమిషాలకు వేలు ఒకచోట ఆగింది. లోపలి రాత ఫైలు ఖాళీగా ఉంటే, అది కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిపోయిన చెత్త అనుకుని తుడిచెయ్యమని అక్కడ రాసి ఉంది. పెద్దాయన మంచికే రాశాడు. అన్నీ నిండుగా రాసే మనిషికి ఖాళీ ఉత్తరం తట్టదు. మూడువందల నలభై పరీక్షల్లోనూ ప్రతి ఉత్తరం లోపలా "పరీక్ష" అనే మాట ఉంది. ఒక్కటీ ఖాళీది లేదు.

వదిన ఐదు ఖాళీ ఉత్తరాలు వరసలో పెట్టి ఎక్కించింది. ఐదూ మాయం. మరో ఐదు పెట్టి ఒక్కోదాంట్లో ఒక్క అక్షరం రాసింది. ఐదూ చేరాయి. గడియారానికి తానే ఫోన్ చేసింది.

అంతా విని ఆయన, "దొరికింది మంచిదే. కానీ ఖాళీ ఉత్తరాలు ఎవరు పంపుతారండీ? విడుదల తర్వాత నెమ్మదిగా దిద్దుకోవచ్చు" అన్నాడు.

ఇక నా వల్ల కాలేదు. ఫోన్ దగ్గరికి జరిగాను. "నేను బస్సు డిపోలో పనిచేస్తానండీ. అక్కడా మీ సిస్టమే. మా దగ్గర రోజుకి రెండొందల ఉత్తరాలు వస్తాయి. 'బండి ఆగిపోయింది, మెకానిక్ కావాలి.' 'బయలుదేరాం.' 'వంతెన మీద నీళ్లు, దారి మళ్లించండి.' అన్నీ పై లైనులోనే. స్టీరింగ్ ముందు కూర్చున్నవాడు కింద వ్యాసం రాయడు. మీరు ఈ వెర్షన్ వదిలిన రోజున వరసలో ఉన్నవన్నీ చెత్తలోకే. పోయిందని పంపినవాడికీ తెలీదు, రాలేదని మాకూ తెలీదు."

అప్పుడు వదిన నెమ్మదిగా అంది: "అంతెందుకండీ. 'ఇంకా మూడు రోజులు', 'ఇంకా రెండు రోజులు', 'రేపే' అని ఈ వారం మీరు నాకు పంపినవి ఒకసారి తెరిచి చూడండి. కింద ఏం రాశారో."

దొంగకు తేలు కుట్టినట్టయింది ఆయనకు. కీబోర్డు చప్పుడు వినిపించింది, తర్వాత చిన్న నవ్వు. "ఏమీ రాయలేదండీ" అన్నాడు. "విడుదల ఆపుతున్నాను. మీరు సరే అన్నాకే తలుపు మూస్తాను. ఆరు దాటినా పర్లేదు."

పద్నాలుగేళ్లలో గడియారం ఆగడం అదే మొదటిసారి.

పెద్దాయన గంటన్నరలో దిద్దుబాటు పంపాడు. తన తప్పేనని ఒప్పుకుంటూ రాశాడు, లోపల నిండుగానే. ఆ ఖాళీ ఉత్తరం రాసినవారికి కృతజ్ఞతలు చెప్పమన్నాడు. వదిన ప్యాకేజీ మళ్లీ కట్టింది. నెట్ తీసేసి, వందా వరసలో పెట్టి ఎక్కించింది. అన్నయ్య టీ పట్టుకొచ్చి, వెళ్లకుండా గుమ్మంలోనే నిలబడ్డాడు. అమ్మ కూడా వచ్చి ఇస్త్రీ బల్ల అంచున కూర్చుంది.

"నువ్వు లెక్కపెట్టు" అని వదిన పెన్ను నా చేతికిచ్చింది. "నేను సరిచూస్తాను."

ఐదేసి జరిపాను. అన్నయ్య మోకాలినొప్పులు పన్నెండూ వచ్చాయి. అమ్మవి ఎనిమిదీ వచ్చాయి. తొంభై. తొంభై ఐదు. ఆఖరి ఐదింటిలో కిందనుంది నా వంకర మాట, చెక్కు చెదరకుండా. వంద.

ఐదూ నలభైకి వదిన సంతకం పెట్టింది. తలుపులు ఆరింటికే మూశారు. గడియారం అదనంగా ఇస్తానన్న సమయంలో ఒక్క నిమిషం కూడా వాడుకోవాల్సిన అవసరం రాలేదు. ప్యాకేజీ ఎవరి పేరుకీ మారలేదు. ఎవరి పేరుకి మారుస్తామన్నారో ఆ మరొకాయనే సాయంత్రం వదినకు రాసి, వంద ఉత్తరాల పద్ధతి తమకూ నేర్పమని అడిగాడు. మా అన్నయ్య వీధిలో కనిపించినవాళ్లందరికీ చెప్పాడు. సగం మందికి అర్థం కాలేదు, అయినా చెప్పాడు. నాకు ఎంత గర్వంగా ఉందంటే, వదినే గెలిచిందో నేనే గెలిచానో నాకు తేడా తెలియలేదు.

మర్నాడు నేను నూట ఒకటో ఉత్తరం రాశాను. ఈసారి సబ్జెక్టు లైను ఖాళీగా వదిలాను, అదీ ఒక పరీక్షే కదా. లోపల రాశాను: "వదినా, ఆ ఉద్యోగం పోయిందన్న కోపం నాకు ఎప్పుడో పోయింది. పోయిందని చెప్పడానికి మొహం చెల్లక ఇన్నాళ్లూ నిన్ను దెప్పుతూ వచ్చాను. తప్పు చేశానని ఎదురుగా వచ్చి చెప్పిన మనిషిని నా జీవితంలో నిన్నొక్కదాన్నే చూశాను. ఇది తెరిచి చదువు."

పంపి వంటింట్లోకి వెళ్లాను. పప్పుల డబ్బా ఎక్కడుందో ఇప్పటికీ నాకు వెతుక్కోవాల్సిందే. కాసేపటికి అటు గదిలోంచి వదిన గొంతు వినిపించింది, కొంచెం బొంగురుగా, మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ వచ్చి చివరికి చేరుతోంది.

"తొంభై ఐదు. వంద. నూట ఒకటి."